గాలి దాచిన నీలం

ఒకప్పుడు నీలిచెట్టు ఆకు నీలంగానే ఉండేది. నీలమంటే అలాంటిలాంటి నీలం కాదు. నెమలి వచ్చి ఆ చెట్ల మధ్య నిలబడితే దాని మెడ ఎక్కడుందో కనిపించేది కాదు. తల ఒకచోట, ఒళ్ళు ఒకచోట ఉన్నట్టుండేది.

పైగా ఆ నీలం ఊరికే అంటుకునేది. చెయ్యి తగిలితే చేతికి, పంచె తగిలితే పంచెకి. మేక ఆ ఆకు కాస్త కొరికిందంటే చాలు, మూతంతా నీలమే. ఒకసారి తల్లిమేక అలా మూతి నీలం చేసుకుని ఇంటికి వస్తే పిల్లలు జడుసుకున్నాయి. నువ్వు మా అమ్మవి కాదు పొమ్మన్నాయి. పాపం ఆ మేక వాగులో మూతి కడుక్కుని, కడుక్కుని, చివరికి ముక్కు ఒరుసుకుపోయింది.

ఆ వాగు ఒడ్డునే ఒక ఊరుంది. ఊరి నిండా అద్దకం వాళ్ళే. గుడ్డలకి రంగులు వెయ్యడమే వాళ్ళ పని. ఎరుపు కావాలంటే చిరివేరు తవ్వి, ఎండబెట్టి, దంచి, గుడ్డతో కలిపి ఉడకబెట్టాలి. నలుపు కావాలంటే గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి, బెల్లంలో నానిన ఇనప తుప్పు పట్టించాలి. పసుపు కావాలంటే ఎండలో పడి మోదుగపూలు ఏరుకురావాలి. నీలానికి మాత్రం ఏ పనీ లేదు. ఆకు కోసి గుడ్డ మీద రుద్దితే అయిపోయేది. అందుకే ఎరుపు వేసేవాళ్ళకి ఉన్న మర్యాద నీలం వేసేవాళ్ళకి ఉండేది కాదు.

నీలంతో ఒక్క జాగ్రత్త మాత్రం పడాల్సి వచ్చేది. అది గాలి వల్ల. ఆ రోజుల్లో గాలికి భలే అల్లరి. దండెం మీద తడి నీలం గుడ్డ కనిపిస్తే చాలు, దాన్ని ఎగరేసి పక్కింటి గోడకు ఒక దెబ్బ, ఎదురింటి తెల్లావుకు ఒక దెబ్బ, దారిన పోయే ముసలాయన తలపాగాకు ఒక దెబ్బ కొట్టేది. ఊరంతా నీలం మచ్చలే. అందుకే అక్కడ ఆడపిల్లలకి పని నేర్పేటప్పుడు మొట్టమొదట ఒక మాట చెప్పేవాళ్ళు. తడి నీలాన్ని గాలికి చూపించకూడదు. రంగు పట్టిన గుడ్డని ముద్దగా చుట్టి, ఇంట్లోకి తెచ్చి, పైన గంప బోర్లించేవాళ్ళు. అది ఆరేదాకా గంప ఎత్తేవాళ్ళు కాదు.

ఓబులక్క ఆ ఊళ్ళోనే పుట్టింది, ఆ ఊళ్ళోనే మెట్టింది. గాలికీ ఆమెకీ అసలు పడేది కాదు. పెళ్ళినాడు ఆమె పసుపు చీర కట్టుకుని పీటల మీద కూర్చుంటే, గాలి ఎవరిదో తడి గుడ్డ ఎత్తుకొచ్చి ఆ చీర మీద ఛట్టున కొట్టింది. ఆ మచ్చ పోలేదు. ఓబులక్క కోపమూ పోలేదు. అమ్మమ్మ అయ్యే వయసొచ్చినా వాకిట్లో ఆకు కదిలితే చాలు, "వచ్చింది మాయదారిది" అని తిట్టుకునేది.

ఆ ఊళ్ళో బిడ్డకు పేరు పెట్టడానికి ఒక పద్ధతుంది. అమ్మమ్మ తన చేత్తో నీలం అద్దిన కొత్త గుడ్డతో ఉయ్యాల కట్టాలి. అందులో బిడ్డని పడుకోబెట్టి చెవిలో పేరు చెప్పాలి. ఒక బిడ్డకు కట్టిన గుడ్డ ఇంకో బిడ్డకు కట్టరు. నీలం గుడ్డ లేకుండా పేరు పెట్టరు. ఎందుకలా అని అడిగితే, మా అవ్వ చెప్పింది అనేవాళ్ళు. అంతకంటే గట్టి కారణం ఎవరి దగ్గరా లేదు.

ఇంకో పద్ధతి కూడా ఉండేది. ప్రతి ఇంటివాళ్ళూ తమ మడిలో ఒక సాలు చెట్లని కొయ్యకుండా విత్తనానికి వదలాలి. ఆ సాలు చుట్టూ ముళ్ళకంప వేసేవాళ్ళు. కంప దాటి ఎవరూ చెయ్యి పెట్టకూడదు.

ఒక ఏడు వానలు సరిగ్గా పడలేదు. చెట్లు పలచగా వచ్చాయి. అద్దాల్సిన గుడ్డలు మాత్రం ఎప్పటిలాగే గుట్టలు పడ్డాయి. "ఒక్క రెమ్మే కదా" అని ఒకరు కంప దాటి చెయ్యి పెట్టారు. "వాళ్ళు కోసుకోలేదా ఏంది" అని ఇంకొకరు పెట్టారు. విత్తనాల మాటేమిటి అంటే, "పక్కింటోళ్ళు వదిలింటారులే, వాళ్ళనడిగి దోసెడు గింజలు తెచ్చుకుందాం" అన్నారు. పక్కింటివాళ్ళూ సరిగ్గా అదే అనుకున్నారు.

నీలంగా మెరిసే చెట్టు ఎక్కడని దాక్కుంటుంది? ఎంత మూలనున్నా అల్లంత దూరం నుంచే కనిపించేది. రెమ్మ రెమ్మా పోయి, ఊరి చుట్టూ మడుల్లో మోడులు మిగిలాయి. మోడులు ఎండిపోయాయి. చివరికి మిగిలింది ఒకే ఒక్క చెట్టు. అది వాగు గట్టు మీద ఓబులక్క కంప వేసి కాపాడుకున్న చెట్టు. దానికి కాయలైతే పట్టాయి కానీ ఇంకా లేతగా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే ఓబులక్క కూతురు మద్దమ్మ పురిటికి పుట్టింటికొచ్చి ఆడపిల్లని కన్నది. ఎర్రగా, బొద్దుగా, ఊరు లేచేలా ఏడ్చే పిల్ల. ఓబులక్కకి ఆ ఏడుపు విన్నా ముద్దే. ఉయ్యాలకని తెల్లటి కొత్త గుడ్డ తెచ్చి పెట్టెలో పెట్టింది.

పెట్టిన గుడ్డ పెట్టెలోనే ఉంది. మద్దమ్మకి ఓపిక తగ్గింది.

"అమా, పేరెప్పుడు పెట్టేది?"

"పెడదాం లే."

"లే లే అంటాండావు. గుడ్డ ఇంకా తెల్లగానే ఉండాది. గట్టు మీద చెట్టుంది కదా, పోయి ఆకు కోసుకరా."

"కాయలు పచ్చిగుండాయి పాపా. ఇప్పుడు ఆకు దూస్తే చెట్టు ఎండిపోతాది. గింజ మిగలదు."

"నా బిడ్డ కంటే నీకా గింజలెక్కువా?" అంది మద్దమ్మ.

ఓబులక్క లేచింది. కొడవలి, గంప తీసుకుని గట్టు మీదికి పోయింది.

నీలిచెట్టు ఆమెని చూసింది, గంపనీ చూసింది.

"కోస్తావా ఓబులక్కా?"

"కొయ్యనీకే వచ్చినా," అంది ఓబులక్క. "ఏం చేసేది? ఇంట్లో పేరు లేని బిడ్డుంది."

"కొయ్యి. అడ్డుపడేదానికి నాకు చేతుల్లేవు. కానీ ఒక మాట ఇను. ఊళ్ళో ఇంగ నా తోడుది ఒక్కటి కూడా లేదు. నేను పోతే నీలం పోయినట్టే. నీ మనవరాలికి ఉయ్యాల గుడ్డ వస్తాది. రేపు ఆ మనవరాలి బిడ్డకి రాదు."

ఓబులక్క రెమ్మ పట్టుకుంది. వేళ్ళు నీలమయ్యాయి. కొడవలి ఎత్తింది. ఇంట్లో బిడ్డ గుర్తొచ్చింది, ఇంకా పుట్టని బిడ్డలూ గుర్తొచ్చారు. ఆమెకి ఏడుపొచ్చింది. చెట్టు ముందు సిగ్గుపడేదేముందని గట్టిగానే ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, కొడవలి అక్కడే మర్చిపోయి, ఖాళీ గంపతో ఇంటిదారి పట్టింది.

నీలిచెట్టు కాసేపు ఆలోచించింది. ఈమె వదిలింది సరే, రేపు వచ్చేవాళ్ళు వదులుతారా? పక్కనున్న వెంపలి చెట్టుని పిలిచింది.

వెంపలి అంటే గట్ల మీద, బాటల పక్కన, ఎవరూ విత్తకపోయినా మొలిచే చెట్టు. ఆకు అచ్చం నీలి ఆకు ఆకారమే. కాకపోతే పచ్చగా ఉంటుంది.

"వెంపలక్కా, నిన్నెవురూ ఎందుకు కొయ్యరు?"

"నాతో ఎవురికేం పని?" అంది వెంపలి. "ఈ దోవన ఇంతమంది పోతారా, ఒక్కరూ తలకాయ తిప్పి సూడరు. పచ్చగుంటే అదే సుకం."

"నాకూ కొంచెం పచ్చదనం ఇస్తావా?"

"కావల్సినంత తీసుకో. నా దగ్గరేం తక్కువ లేదు. మరి నీ నీలం యాడ పెడతావు?"

అదే చిక్కు. భూమిలో దాస్తే ఎలకలు తవ్వుతాయి. వాగుకి ఇస్తే పోతూ పోతూ ఊరూరా చెప్పుకుంటుంది. కాకికి ఇస్తే ఇక చెప్పక్కర్లేదు. ఎవరి చేతికీ చిక్కనిది గాలి ఒక్కటే. నీలిచెట్టు గాలిని పిలిచింది.

"నా నీలం నీ దగ్గర పెట్టుకుంటావా?"

గాలికి నవ్వొచ్చింది. "నన్ను నమ్మి ఎవురూ ఎండుటాకు కూడా ఆరేసుకోరు. నువ్వు నీలమంతా ఇస్తావా?"

"ఇస్తా. కానీ ఆడా ఈడా కొట్టి మచ్చలు చెయ్యగూడదు. అడిగిన వెంటనే ఎవురికీ ఇయ్యగూడదు."

"మరి ఎవురికియ్యల్ల?"

"ఆగే వాళ్ళకి. నా ఆకు నీళ్ళలో ఏసి, అది కుళ్ళేదాకా ఓపిక పట్టి, ఆ నీళ్ళలో గుడ్డ ముంచి, నీ ముందర పరిచే వాళ్ళకి. తొందరగా కావల్లనేవాళ్ళు ఆ కంపుకే ముక్కు మూసుకుని పారిపోతారు."

"నాకు మతిమరుపు ఎక్కువ," అంది గాలి. "పొద్దున విన్నది మాపటికి ఉండదు. ఎట్ల గుర్తుంటాది?"

"ఆ కంపు తగిల్తే గుర్తొస్తాదిలే. మర్చిపోయే కంపు కాదది."

గాలి సరేనంది. ఒక్క ఊపు ఊపి, ఆకు ఆకునా ఉన్న నీలమంతా దులిపి ఒడిలో పోసుకుంది. వెంపలి తన రెమ్మలు విదిలించి నీలిచెట్టుకి పచ్చదనం పూసింది. చూస్తుండగానే రెండూ అక్కాచెల్లెళ్ళలా అయిపోయాయి.

"ఇంగ నేను నోరిప్పను," అంది నీలిచెట్టు. "మాట్లాడితే గుర్తుపడతారు." అదే దాని చివరి మాట.

గాలి ఆ నీలాన్ని ఎక్కడ దాచిందో ఎవరికీ తెలియదు. పైన ఎక్కడో పెట్టిందని కొందరంటారు. కావాలంటే తలెత్తి చూసుకోవచ్చు.

మర్చిపోయిన కొడవలి కోసం ఓబులక్క సరిగ్గా అప్పుడే వెనక్కి వచ్చింది. ఆమె కంటపడింది ఒక్కటే: ఒడి నిండా నీలంతో గాలి పరిగెత్తడం.

"ఓ దొంగముఖమా! ఎత్తకపోతాండావా! నా పెళ్ళిచీర సాలదా నీకు?" అని అరిచి మట్టిపెళ్ళ విసిరింది. గాలికి మట్టిపెళ్ళ తగులుతుందా? అది పోయి వాగులో బుడుంగుమని పడింది.

ఓబులక్క చెట్టు దగ్గర కూలబడి, "ఏమైంది నీకు? చెప్పవే," అని బతిమాలింది. చెట్టు మాట్లాడలేదు. పచ్చగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

మర్నాడు ఊళ్ళోవాళ్ళు గంపలు పట్టుకుని వచ్చారు. ఓబులక్క కొయ్యకపోతే మనమైనా కోసుకుందామని వాళ్ళ ఆలోచన. గట్టంతా వెతికారు. "ఏదీ చెట్టు? అంతా వెంపలే కదా ఈడ," అన్నారు. ముళ్ళు గుచ్చుకున్న కాళ్ళతో కుంటుకుంటూ తిరిగిపోయారు.

ఓబులక్క మాత్రం కంప తియ్యలేదు. రంగు పోయినా ఆ చెట్టు ఏదో ఆమెకు తెలుసు. వెంపలి కాయ బల్లపరుపుగా ఉంటుంది. నీలికాయ సన్నగా, గుండ్రంగా, గుత్తులు గుత్తులుగా కాస్తుంది. కాయలు ముదిరి నల్లబడేదాకా చూసి, ఒక్క గింజ రాలకుండా కొంగులో ఏరుకుంది. వానలు పడగానే మడిలో చల్లింది. కొత్త మొక్కలకైనా నీలం తిరిగి వస్తుందని ఆమె ఆశ.

మొక్కలు బ్రహ్మాండంగా లేచాయి. అన్నీ పచ్చగానే.

"వెంపలి సేద్యం చేస్తాండావా ఓబులక్కా?" అని దారిన పోయేవాళ్ళు నవ్వారు. "వచ్చే ఏడు గరిక కూడా ఎయ్యి."

ఈలోపల బిడ్డ బోర్లాపడింది, కూర్చుంది, పాకడం మొదలుపెట్టింది. పేరు మాత్రం లేదు. అల్లుడు వచ్చినప్పుడల్లా బిడ్డనెత్తుకుని, ఏమని పిలవాలో తెలియక, దగ్గి ఊరుకునేవాడు. బిడ్డ తుమ్మితే దీవించడానికి పేరుండేది కాదు. ఓబులక్క అది చూసినప్పుడల్లా లేచి మడి వైపు పోయేది.

ఆమె తనకు తెలిసిన విద్యలన్నీ ఆ పచ్చాకు మీద చూపించింది. గుడ్డ మీద రుద్దింది, గడ్డిలో జారిపడ్డ పిల్లాడి లాగు రంగొచ్చింది. దంచి పిండింది, అదే రంగు. చిరివేరులా ఉడకబెట్టింది, గిన్నెలు కడిగిన నీళ్ళలా తయారైంది. చివరికి విసుగొచ్చి, కోసిన ఆకంతా కాగులో కుక్కి, నీళ్ళు పోసి, పైన రాయి పెట్టి, "ఉండు అట్లనే," అని వదిలేసింది. తర్వాత బిడ్డ పనుల్లో పడి ఆ కాగు సంగతే మర్చిపోయింది.

కాగు మాత్రం ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. అబ్బ, ఏం కంపు! పందులు కూడా ఆ సందు వదిలేసి చుట్టు తిరిగి పోయాయి. ఊరంతా కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఓబులక్క వాకిట్లోకొచ్చింది. "ఏం కుళ్ళబెట్టినావమ్మా తల్లీ? పారబొయ్యి ముందు!"

పారబోద్దామనే ఓబులక్క కాగు దగ్గరికి పోయింది. ముక్కు మూసుకుని లోపలికి తొంగి చూసింది. పచ్చటి నీళ్ళ మీద సన్నగా, పాల మీద మీగడలా ఒక పొర తేలుతోంది. ఆ పొర నీలంగా ఉంది.

ఓబులక్క ముక్కు మీంచి చెయ్యి తీసేసింది. "యాడికీ పోలేదే నువ్వు! ఈడనే ఉండావే నా తల్లీ!" అని కాగుని కావలించుకున్నంత పని చేసింది. ఆ వెంటనే గాలి గుర్తొచ్చింది. ఈ కాస్త కూడా ఆ దొంగ కంట పడితే మిగులుతుందా? గబగబా మూకుడు బోర్లించి, చుట్టూ బంకమట్టి మెత్తింది. కాగు మూత పెట్టడం మంచిపనే, గాలి ఆ నీళ్ళలోనే నీలం పోసేస్తే గుడ్డకి పట్టదు. ఆ సంగతి ఆమెకు తెలియదు, భయంతో చేసింది.

ఊరవతల మైదానంలో ఎండుటాకులతో ఆడుకుంటున్న గాలికి అప్పటికే ఆ కంపు తగిలింది; కాగు మీదుగా పోతూ అది తాకబట్టే ఆ పొర నీలమైంది. ఇదెక్కడి వాసనబ్బా అనుకుంది. ఆగింది. నీలిచెట్టుతో అన్న మాట గుర్తొచ్చింది. నీలం ఒడిలో వేసుకుని ఆత్రంగా ఓబులక్క ఇంటికి వచ్చింది.

ఓబులక్క తలుపులన్నీ బిగించుకుని లోపలుంది. కాగుని లోపలికి తెప్పించుకుని, రంగు పడుతుందేమోనని సున్నపుతేట కొంచెం కలిపి, పెట్టెలోని ఉయ్యాల గుడ్డ తీసి అందులో ముంచింది. పైకి తీస్తే పసుపు కలిసిన పచ్చరంగులో ఉంది. ఆరితే నీలం వస్తుందేమోనని ముద్దగా చుట్టి, గంప బోర్లించి, గంప మీద తనే కూర్చుంది.

గాలి తలుపు కొట్టింది. "ఓబులక్కా! తలుపు తియ్యి!"

"వచ్చినావా? నాకు తెలుసు వస్తావని. పో!"

"నీది నీకిచ్చిపోతా. ఒక్కసారి ఆ గుడ్డ నాకు సూపించు."

"నువ్విచ్చేదానివా? నీ ఇచ్చకాలు నా దగ్గరా? పెళ్ళినాడు కూడా ఇట్లనే ఉస్సు ఉస్సుమంటా వచ్చినావు."

గాలి కిటికీ దగ్గరికి పోయింది. ఓబులక్క కిటికీలో గోనెసంచి కుక్కింది. గాలి పైకప్పు సందులోంచి దూరింది. ఓబులక్క చీపురు తిరగేసింది. గాలికి ఏడుపొక్కటే తక్కువ. ఇస్తానంటే తీసుకోని మనిషిని అది ఎన్నడూ చూడలేదు.

ఆరిన తర్వాత గంప ఎత్తి చూస్తే గుడ్డ మురికి పచ్చగా ఉంది. ఓబులక్క మళ్ళీ ముంచింది, మళ్ళీ ముద్ద చుట్టింది, మళ్ళీ గంప మీద కూర్చుంది. మళ్ళీ పచ్చే. ఎంత జాగ్రత్త పడితే అంత పచ్చగా వచ్చింది. గాలి లోపలికి రాకుండా ఈసారి దుప్పటి కూడా కప్పింది. ఏం లాభం లేదు.

ఒకరోజు పొద్దున మద్దమ్మ వాగులో గుడ్డలు జాడిస్తోంది. బిడ్డ గట్టు మీద ఆడుకుంటోంది. ఆడుకుంటూ ఆడుకుంటూ పాక్కుంటూ లోతున్న మడుగు వైపు పోయింది. మద్దమ్మ తలెత్తేసరికి బిడ్డ చేతులు నీటి అంచున ఉన్నాయి.

"పాపా!" అని కేక వేసింది మద్దమ్మ. "పాపా! పాపా!"

గట్టు మీద ఆడుకుంటున్న పాపలందరూ తిరిగి చూశారు. ఆ ఒక్క పాప తిరగలేదు. ఊళ్ళో అందరూ పాపలే, అందులో తనెవరో ఆ బిడ్డకేం తెలుసు? ఇంకో మాట ఏదీ మద్దమ్మ నోటికి రాలేదు. ఉంటే కదా రావడానికి.

ఆకు కోస్తున్న ఓబులక్క ఆ కేక విని పరిగెత్తింది. వయసు, మోకాళ్ళ నొప్పి అన్నీ మర్చిపోయింది. బిడ్డ మడుగులోకి ఒరుగుతుండగా నడుం పట్టి పైకి లాగింది. బిడ్డ నవ్వుతోంది. ఓబులక్క మాత్రం బిడ్డని అదిమి పట్టుకుని గట్టు మీదే కూర్చుండిపోయింది. ఆమె అంతగా ఎప్పుడూ భయపడలేదు.

మద్దమ్మ వచ్చి బిడ్డని గుండెకి హత్తుకుని తల్లి వైపు చూసింది.  

"సాలు మద్దమ్మా," అంది ఓబులక్క. "నీలం లేకుంటే మానె. ఈ పొద్దే పేరు పెడదాం."

"మరి గుడ్డ?"

"పచ్చదే కడతా. మా అవ్వకి కోపమొస్తే నేను పోయినాక ఆమెతో చెప్పుకుంటా. ఊరు నవ్వితే నవ్వనీ. పిలిస్తే బిడ్డ తిరిగి సూడల్ల. అంతే నాకు."

ఇంటికొచ్చి, కాస్త మంచి పచ్చదనమైనా రానీ అని గుడ్డని ఆఖరుసారి కాగులో ముంచి తీసింది. ఎప్పటిలాగే పసుపు పచ్చ. గంప వైపు చెయ్యి పోయింది. సగంలో ఆగిపోయింది.

"ఇంగ దీంట్లో దోచుకునేదానికి ఏముండాది?" అనుకుంది. "బయట ఆరేస్తే ఎండకి తొందరగానన్నా ఆరతాది. తడి గుడ్డలో బిడ్డని పండబెట్టలేను కదా."

వాకిట్లోకి పోయి, గుడ్డని విప్పి, దులిపి, దండెం మీద బారుగా పరిచింది. నడుం మీద చేతులు పెట్టుకుని వీధి వైపు చూసి, "రా ఇంగ! ఏమన్నా ఉంటే ఎత్తకపో!" అని అరిచింది.

గాలి వచ్చింది. జీవితంలో మొదటిసారి అల్లరి చెయ్యకుండా వచ్చింది. గుడ్డని ఎగరెయ్యలేదు, గోడకి కొట్టలేదు. ఒక కొస పట్టుకుని మెల్లగా ఊదింది.

ఆ కొస చిలకపచ్చ అయింది. ఓబులక్క కళ్ళు నులుముకుంది. చిలకపచ్చ కాస్తా ముదిరి, వానమబ్బు రంగై, అలా అలా పక్కకి పాకుతూ పోయింది. ఈ కొస నుంచి ఆ కొస దాకా గుడ్డంతా నీలమైంది. పాత నీలం కంటే చిక్కటి నీలం.

ఓబులక్క బుగ్గన చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. మద్దమ్మ బిడ్డతో సహా బయటికి వచ్చి, "అమా! అమా!" అంటూ ఆ గుడ్డ చుట్టూ తిరిగింది.

"అప్పట్నుంచి చెప్తానే ఉండా కదా ఓబులక్కా, సూపించు ఇచ్చిపోతా అని," అంది గాలి. "ఒక్కసారన్నా ఇంటివా? చెట్టు నాకిచ్చి దాచమనింది. ఎత్తకపోయిందాన్ని కాదు నేను."

ఓబులక్క గుడ్డని చేత్తో రుద్దింది. చేతికి అంటలేదు. తన తెల్లకొంగుకేసి రాసింది. కొంగు తెల్లగానే ఉంది. చెట్టుకిచ్చిన మాట ప్రకారం గాలి ఆ నీలాన్ని ఎక్కడా మచ్చ పడకుండా గట్టిగా అద్దింది.

ఓబులక్కకి తప్పయిందని చెప్పడం రాదు. ఆ ఊళ్ళో ఆమె వయసువాళ్ళకి ఎవరికీ రాదు. అందుకని లోపలికి పోయి కొత్త తాడు తెచ్చి, గాలి బాగా తగిలే చోట వాకిట్లో ఇంకో దండెం కట్టింది. గాలికి అర్థమైంది.

సాయంత్రం ఆ నీలం గుడ్డతో ఉయ్యాల కట్టారు. నవ్విన వాళ్ళంతా వచ్చారు. గుడ్డని ముట్టుకుని, వేళ్ళు చూసుకుని, మళ్ళీ ముట్టుకున్నారు. ఓబులక్క ఉయ్యాలలోకి వంగి బిడ్డ చెవిలో పేరు చెప్పింది. ఆ పేరేమిటో ఇప్పుడెవరికీ గుర్తులేదు. కానీ మద్దమ్మ వాకిట్లోకి పోయి, అక్కడి నుంచి ఆ పేరు పెట్టి పిలిచింది. బిడ్డ తల తిప్పి తల్లి వైపు చూసింది. ఓబులక్క మళ్ళీ ఏడ్చింది. ఈసారి అందరి ముందూ ఏడ్చింది.

అప్పటినుంచే నీలి ఆకు పచ్చగా, వెంపలి ఆకుకి తోబుట్టువులా ఉంటోంది. అప్పటినుంచే నీలికాగు అంత కంపు కొడుతుంది, ఆ కాగుకి మూత పెడతారు, ముంచిన గుడ్డని మాత్రం మూత కింద దాచరు. కాగులోంచి పచ్చగా పైకి వచ్చిన గుడ్డ గాలి తగిలాకే నీలమవుతుంది. అంతదాకా ఆగలేనివాళ్ళు గట్టు మీద నీలిచెట్టు పక్క నుంచే పోతూ, ఇవాళ్టికీ దాన్ని వెంపలి అనే అనుకుంటారు.